మన్ననూరు గేటు

హైదరాబాదులో శ్రీశైలం రోడ్డు గురించి ఎవర్ని అడిగినా దాదాపు ఒకే మాట చెప్తారు. డిండి దాకా ఎండ, మన్ననూరు దాటితే చల్లదనం. ఉప్పల్, నాచారం వైపు జవహర్‌నగర్‌లో ఉండే మాకూ అంతే. శనివారం తెల్లవారుజామున బయల్దేరితే టిఫిన్ కల్వకుర్తిలో, మధ్యాహ్నానికి పాతాళగంగ. ముందు రాళ్ల గుట్టలు, సీతాఫలం పొదలు, తర్వాత ఒక్కసారిగా అడవి. ఫోన్లలో తీసుకునే ఫోటోలన్నీ ఆ రెండో సగానివే.

ఈ దారిలో చాలాసార్లు వెళ్లాను. 1980ల చివర్లో ఆర్టీసీ బస్సులో, తర్వాత కారులో. వెళ్లిన కొద్దీ ఈ ప్రయాణంలో నన్ను పట్టుకున్నది అందం కంటే మన్ననూరు దగ్గరి అటవీశాఖ చెక్‌పోస్టు. రాత్రి 9 గంటలకు మూస్తారు, పొద్దున 6కి తెరుస్తారు. జంతువుల కోసం పెట్టిన నియమం, మంచిదే. కాకపోతే ఈ కొండకి గేటు ఉండడం కొత్త సంగతి కాదు. కనీసం ఏడెనిమిది వందల ఏళ్లుగా ఏదో ఒక రూపంలో ఉంది. మారిందల్లా అక్కడ కాపలా ఎవరిది, రుసుము ఎవరికి, లోపల ఉండేవాళ్ల మాట చెల్లుతుందా లేదా అన్నదే. ఆ కథ చెప్పుకుందామని ఈ వ్యాసం.

దిగి ఎక్కే దారి

మైదానం నుంచి కొండ ఎక్కుతున్నామని అనుకుంటాం గానీ, హైదరాబాదే ఎత్తు మీద ఉంది, సముద్రమట్టానికి 1,700 అడుగుల పైన. తుక్కుగూడ, కడ్తాల్, కల్వకుర్తి దాటుతుంటే రోడ్డు మనకి తెలియకుండానే దిగుతూ పోతుంది. డిండి దగ్గర బాగా కిందికొస్తాం. దుందుభి అని పాత పేరున్న ఆ వాగు మీద నిజాం కాలంలో, 1940ల్లో కట్టిన జలాశయం ఉంది. అక్కడ్నుంచి మళ్లీ పైకి.

ఈ దిగుడు దారంతా పాలమూరు, నల్లగొండల మెట్ట. ఎడారి అంటే అతిశయోక్తే, వాన పడుతుంది. పడ్డ వాన నిలవదు. కింద గ్రానైట్ రాయి, పైన పల్చటి చెలక మట్టి. చెరువు నిండిన ఏడు పంట, లేని ఏడు వలస. దేశంలో ఎక్కడ డ్యాము కట్టినా, కాలువ తవ్వినా పాలమూరు కూలీలు కనపడేవారని మన పెద్దలు చెప్పుకునేది ఊరికే కాదు. ఊళ్లోని నీటి కరువే వాళ్లని పరాయి ప్రాంతాల నీటి పనులకి పంపింది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, కొండ దగ్గరకి వెళ్లాక మళ్లీ అవసరం పడుతుంది.

హాజీపూర్ దాటాక ఘాటు మొదలవుతుంది. నాలుగైదు మలుపులు తిరిగేసరికి పక్కనున్న రాయి మారిపోతుంది. కిందనున్నది గుండ్రటి గ్రానైట్ బండలు, 250 కోట్ల ఏళ్ల నాటివి. పైనున్నది పలకలు పలకలుగా పేర్చినట్టుండే క్వార్ట్‌జైట్, ఒకప్పటి సముద్రపుటొడ్డు ఇసుక గట్టిపడి అయిన రాయి. భూగర్భ శాస్త్రవేత్తలు దీన్ని కడప శిలాసముదాయంలో చేర్చి, ఈ భాగానికి శ్రీశైలం పేరే పెట్టారు. ఆ రెండు రాళ్లూ కలిసే చోట, నడుమ కోట్ల సంవత్సరాల చరిత్ర చెరిగిపోయి ఉంది. ఈ సంగతి నాకు మా వైపు వాళ్ల దగ్గరే తెలిసింది. హబ్సిగూడ నుంచి ఉప్పల్ వచ్చే రోడ్డు మీద జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, ఎన్‌జీఆర్‌ఐ, 1961 నుంచీ ఉంది. ఉప్పల్‌లో సర్వే ఆఫ్ ఇండియా శిక్షణ సంస్థ ఉంది. మా చుట్టుపక్కల కాలనీల్లో రాళ్లనీ మ్యాపులనీ చదివి రిటైరైనవాళ్లు కాస్త ఎక్కువే.

అడవి గురించి కూడా ఒక మాట. నల్లమల కేరళ కొండల్లాగా ఏడాది పొడుగునా పచ్చగా ఉండే అడవి కాదు. ఇది ఆకు రాల్చే అడవి. నల్లమద్ది, ఏగిస, తునికి, ఇప్ప, వెదురు. మార్చిలో వెళ్తే ఎండిన కొమ్మలే కనపడతాయి, తొలకరికి చిగురిస్తాయి. అందుకే ఇక్కడ బతకాలంటే ఏ నెలలో ఏ గడ్డ దొరుకుతుందో, ఏ చెలమలో నీళ్లుంటాయో తెలిసి ఉండాలి. ఆ తెలివి ఉన్నవాళ్లు చెంచులు.

నాలుగు ద్వారాలు

శ్రీశైలానికి నాలుగు దిక్కులా నాలుగు ద్వారాలున్నాయని సంప్రదాయం. తూర్పున త్రిపురాంతకం, దక్షిణాన సిద్ధవటం, పడమర అలంపురం, ఉత్తరాన ఉమామహేశ్వరం. ఉమామహేశ్వరం మన దారికి దగ్గర్లోనే, అచ్చంపేట పక్కన రంగాపూర్ దగ్గర కొండచరియ కింద ఉంది. ఇవి కాక మూలల్లో నాలుగు ఉపద్వారాలు. ద్వారం అన్న మాటలో భక్తి ఉంది, వ్యవహారమూ ఉంది. యాత్రికులు అక్కడ ఆగి, మొక్కి, గుంపు కట్టి, దారి తెలిసినవాణ్ణి వెంటబెట్టుకుని అడవిలోకి వెళ్లాలి. ఒంటరిగా వెళ్లే చోటు కాదది.

పాల్కురికి సోమనాథుడి పండితారాధ్య చరిత్రలో చివరిది పర్వత ప్రకరణం. శివరాత్రికి శ్రీశైలం వెళ్లే జనం, వాళ్ల నడక, పాట, మొక్కులు అందులో కనిపిస్తాయి. పద్నాలుగో శతాబ్దంలో ప్రోలయ వేమారెడ్డికి శ్రీశైలానికి మెట్లు కట్టించిన కీర్తి ఉంది. ఆ వంశంలోనే అనవేమారెడ్డి 1377లో గుళ్లో వీరశిరోమంటపం కట్టించాడు. కాలిబాట మెట్లదారి అయింది. రాజుల పేర్లు రాళ్ల మీద మిగిలాయి. ఆ రాళ్లు మోసినవాళ్లెవరో, అడవిలో దారి చూపిందెవరో ఏ శాసనమూ చెప్పదు.

కథలు మాత్రం చెప్తాయి. మల్లన్న చెంచుపిల్లని చేసుకున్నాడని, అందుకే ఆయన చెంచు మల్లయ్య అని నల్లమలలో అంటారు. అహోబిలంలో నరసింహుడికీ ఇలాంటి కథే ఉంది, ఆవిడ చెంచులక్ష్మి. కొండ మీది దేవుడికి దారి కావాలంటే ముందు కొండవాళ్లతో చుట్టరికం కలుపుకోవాలని మైదానం వాళ్లకి ఎప్పుడో అర్థమైందని నేను ఈ కథల్ని చదువుకుంటాను. అల్లుడి వరసలో మర్యాద ఉంది, బేరం కూడా ఉంది.

ఒక పల్లకీ ప్రయాణం

ఈ బేరం ఎలా నడిచేదో కళ్లారా చూసి రాసినవాడు ఏనుగుల వీరాస్వామయ్య. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ. 1830 మే 18న మద్రాసు నుంచి కాశీకి బయల్దేరాడు. వంద మంది దాకా పరివారం, పల్లకీ, బోయీలు. 1831 సెప్టెంబరులో తిరిగొచ్చాడు. ఆయన కాశీయాత్ర చరిత్ర 1838లో అచ్చయింది.

ఆయన శ్రీశైలం ఎక్కింది దక్షిణం వైపు నుంచి, ఆత్మకూరు, నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను దారిన. దారిలో నీళ్లెక్కడ, మెట్లెక్కడ, పల్లకీ ఎక్కడ దిగాలి, అన్నీ రాసుకుంటూ పోయాడు. గుడి ఆదాయం, యాత్రికుల మీద వేసే రుసుము కందనూరు నవాబుకి పోతుందని, ఆ డబ్బుతో గుడికి జరుగుతున్నదేమీ లేదని ఆయనకి బాధ. అడవిలో చెంచుల గుడిసెలూ ఆయన కంట పడ్డాయి.

నాకు ఇందులో ఆసక్తి కలిగించింది ఇంకొకటి. దర్శనం అయ్యాక ఆయన వెళ్లాల్సింది హైదరాబాదుకి. హైదరాబాదు ఉత్తరాన, కృష్ణకి అవతల. మ్యాపులో చూస్తే నది దాటి, మన్ననూరు మీదుగా నేరుగా వెళ్లొచ్చు. ఆయన మాత్రం వచ్చిన దారినే ఆత్మకూరుకి దిగి, చుట్టూ తిరిగి కృష్ణ దాటి, వనపర్తి, జడ్చర్ల మీదుగా హైదరాబాదు చేరాడు. అంత పరివారం, సామాను, బోయీలు ఉన్నవాళ్లు కూడా ఎక్కిన కొండని అవతలి వైపు దిగి పోలేదు. ఈరోజు మనం రెండు మూడు గంటల్లో దాటే అడవి రెండు వందల ఏళ్ల కిందట అలాంటిది.

ఆనందాల ఊరు

మన్ననూరు దాటాక ఇంకో మెట్టు ఎక్కితే ఫరహాబాద్. ఫరహ్ అంటే ఆనందం. నిజాం హయాంలో వేటకీ విడిదికీ పెట్టుకున్న పేరు. ఇక్కడి వ్యూ పాయింట్ నుంచి చూస్తే కింద మెట్ట మొత్తం కనిపిస్తుంది, మన కారు వచ్చిన దారితో సహా. రాజ్యాన్ని పైనుంచి చూసుకోవడానికి అనువైన చోటు.

1940లో ఇక్కడికి క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్ అనే ఆస్ట్రియన్ మానవశాస్త్రవేత్త వచ్చాడు. రెండో ప్రపంచయుద్ధం మొదలయ్యాక శత్రుదేశస్థుడు కాబట్టి బ్రిటిష్ ఇండియాలో స్వేచ్ఛగా తిరగనివ్వలేదు, హైదరాబాదు సంస్థానంలో మాత్రం ఉండొచ్చన్నారు. ఆ నిర్బంధం వల్ల అమ్రాబాద్ చెంచుల గురించి ఒక పుస్తకం పుట్టింది, 1943లో. తవ్వుకోల, విల్లు, తేనె తీసే తాడు, వెదురు తడికల గుడిసె, ఏ కుటుంబం ఏ మేర అడవిలో తిరుగుతుందన్న లెక్క, అన్నీ అందులో ఉన్నాయి. ఆయన సలహాతో అమ్రాబాద్ మీది పీఠభూమిలో చెంచులకంటూ ఒక రిజర్వును నిజాం ప్రభుత్వం ఏర్పాటు చేసింది. బయటి కాంట్రాక్టర్లు, వడ్డీ వ్యాపారులు లోపలికి రాకుండా ఆపడం దాని ఉద్దేశం.

ఈ గేటు చరిత్రలో ఇదొక విచిత్రమైన ఘట్టం. బయటివాళ్లని ఆపి లోపలివాళ్లని కాపాడటానికి గేటు పెట్టడం, నాకు తెలిసి, ఆ ఒక్కసారే. అదీ ఒక యుద్ధఖైదీ లాంటి మనిషి చెప్తే, ఒక సంస్థానం విన్నది. ఆ సంస్థానం ఇంకో ఐదేళ్లకి లేకుండా పోయింది.

మునిగిన ద్వారాలు

1963 జూలైలో నెహ్రూ శ్రీశైలం ప్రాజెక్టుకి శంకుస్థాపన చేశాడు. డ్యాము పూర్తికావడానికి 1981 దాకా పట్టింది. మన రోడ్డు ఇప్పుడున్న రూపానికి వచ్చింది ఆ రోజుల్లోనే. సిమెంటు, యంత్రాలు, ఇంజనీర్లు, కూలీలు వెళ్లాలి కదా. నది మీద వంతెన వచ్చింది. సున్నిపెంట, ఈగలపెంట ప్రాజెక్టు కాలనీలయ్యాయి. పెంట అంటే చెంచుల చిన్న ఊరు. దోమలపెంట, ఈగలపెంట బోర్డులు చదివి బస్సులో పిల్లలు నవ్వుకోవడం నేను చూశాను. అవి ఒకప్పటి ఇళ్ల గుర్తులని వాళ్లకి చెప్పేవాళ్లు లేరు.

రిజర్వాయరు నిండితే 885 అడుగుల మట్టం. దాని కింద దాదాపు వంద ఊళ్లు పోయాయి. వీరాస్వామయ్య నాటి నదీతీరమూ పోయింది. ఉపద్వారాల్లో ఏలేశ్వరం అప్పటికే నాగార్జునసాగర్ నీళ్లలో మునిగింది. సంగమేశ్వరం శ్రీశైలం నీళ్లలో మునిగి, ఏటా వేసవిలో మట్టం తగ్గినప్పుడు గుడి తేలుతుంది. అప్పుడు జనం పడవల్లో వెళ్లి పూజ చేసి వస్తారు. పాత ద్వారాలు నీళ్లకింద ఉన్నాయి, కొత్త ద్వారం రోడ్డు మీద ఉంది.

డ్యాము వల్ల నాకూ మేలు జరిగింది, దాచడమెందుకు. కుడిగట్టున 770 మెగావాట్లు, ఎడమగట్టున కొండలో తొలిచిన విద్యుత్కేంద్రంలో 900 మెగావాట్లు. మా ఇంట్లో ఫ్యాను తిరగడంలో దాని వాటా ఉంది. ఆ ఎడమగట్టు కేంద్రంలోనే 2020 ఆగస్టు 20 రాత్రి మంటలు లేచి తొమ్మిది మంది చనిపోయారు. కొండ కింద నుంచి కరెంటు తేవడానికి ఎవరో ఒకరు ఆ చీకట్లో ఉండాలన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది మనకి.

పులి, యురేనియం

1978లో ఈ అడవి అభయారణ్యమైంది. 1983లో నాగార్జునసాగర్–శ్రీశైలం టైగర్ రిజర్వు, 3,568 చదరపు కిలోమీటర్లు, దేశంలో అన్నిటికన్నా పెద్దది. 2014లో రాష్ట్రం విడిపోయాక కృష్ణకి ఉత్తరాన ఉన్న భాగం అమ్రాబాద్ టైగర్ రిజర్వు. పులులు పెరిగాయి, సంతోషమే. కాని అదే చెక్‌పోస్టు ఇప్పుడు చెంచుకి కూడా చెక్‌పోస్టే. తాత ముత్తాతలు తిరిగిన మేరలో ఏం తీసుకోవచ్చో, ఎక్కడిదాకా పోవచ్చో ఇంకొకరు చెప్పాలి. మరోపక్క అటవీశాఖ గస్తీలో, బేస్ క్యాంపుల్లో పనిచేసేవాళ్లలో చెంచులు చాలామంది ఉన్నారు. పులి అడుగుని వాళ్లకంటే బాగా చదివేదెవరు? కాపలా ఇప్పటికీ వాళ్లదే. తాళంచెవి మాత్రం వాళ్ల దగ్గర లేదు.

వటవర్లపల్లి దగ్గర తేనె అమ్ముతున్న ఒక పెద్దాయనతో ఓసారి మాట కలిపాను. "తాతా, పులి భయం లేదా?" అన్నాను. "పులి మాకు తెల్సు, మేం పులికి తెల్సు. మీ కార్లకే మేమిద్దరం తెల్వం సారూ" అన్నాడు. సీసా చేతికిచ్చి డబ్బులు లెక్కబెట్టుకున్నాడు.

ఇప్పుడు ఆ ఘాటు మలుపులో రాళ్లు మారే చోటుకి వద్దాం. గ్రానైట్, క్వార్ట్‌జైట్ కలిసే ఆ పొరలో యురేనియం ఉంటుంది. ఇదే శిలాసముదాయం అంచున లంబాపూర్, పెద్దగట్టు, చిత్రియాల దగ్గర అణు ఖనిజాల సంస్థ నిక్షేపాలు కనిపెట్టింది. 2019లో అమ్రాబాద్ టైగర్ రిజర్వులో 83 చదరపు కిలోమీటర్ల మేర అన్వేషణకి, అంటే దాదాపు 4,000 బోరు గుంతలకి, కేంద్రం అటవీ సలహా కమిటీ సూత్రప్రాయంగా ఒప్పుకుంది. చెంచులు, మన్ననూరు, అమ్రాబాద్ ఊళ్లవాళ్లు రోడ్డెక్కారు. హైదరాబాదులో రచయితలు, సినిమావాళ్లు, విద్యార్థులు గొంతు కలిపారు. ఆ సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ యురేనియం తవ్వకాలు వద్దని ఏకగ్రీవంగా తీర్మానించింది.

ఇది నాకు దూరపు వార్త కాదు. నాచారం నుంచి మౌలాలి వైపు వెళ్తే 1971లో పెట్టిన న్యూక్లియర్ ఫ్యూయెల్ కాంప్లెక్స్. దేశంలోని అణు రియాక్టర్లకి ఇంధన కడ్డీలు ఎక్కువగా ఇక్కడే తయారవుతాయి. నల్లమలలో యురేనియం తవ్వితే అది చివరికి రావాల్సింది మా పక్కకే. మా కాలనీల్లో ఎంతోమంది పిల్లలు ఆ ఉద్యోగాల జీతంతో చదువుకున్నారు. మన్ననూరు గేటు ఒక కొస అయితే ఇంకో కొస మా వీధుల్లో ఉంది. కొండవాళ్ల పక్షమో అభివృద్ధి పక్షమో తేల్చుకోమంటే చప్పున చెప్పలేకపోవడానికి నాకు ఇదొక కారణం.

కింద నుంచి, పై నుంచి

పాలమూరు కరువు గురించి గుర్తుపెట్టుకోమన్నాను కదా. నల్లగొండ ఫ్లోరైడ్ ఊళ్లకీ, డిండి చుట్టూ మెట్టకీ కృష్ణ నీళ్లు కావాలని దశాబ్దాల పోరాటం. అందుకు వేసిన పథకం శ్రీశైలం ఎడమగట్టు కాలువ, ఎస్‌ఎల్‌బీసీ. రిజర్వాయరు నుంచి అడవి కిందుగా 40 కిలోమీటర్ల పైచిలుకు సొరంగం. పైన పులుల అడవి కాబట్టి మధ్యలో ఎక్కడా పైనుంచి తవ్వకూడదు, రెండు కొసల నుంచే యంత్రాలతో తొలుచుకుపోవాలి. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట వైపు సొరంగం పైకప్పు కూలి ఎనిమిది మంది లోపల చిక్కుకుపోయారు. వాళ్లలో ఎవరూ ప్రాణాలతో బయటికి రాలేదు. ఒకప్పుడు పాలమూరు కూలీలు దేశమంతా పోయి డ్యాములు కట్టారు. ఇప్పుడు మన మెట్టకి నీళ్లు తేవడానికి ఉత్తరాది నుంచి వచ్చినవాళ్లు మన కొండ కింద చనిపోయారు.

ఇంకొక ప్రతిపాదన కూడా నడుస్తోంది. జాతీయ రహదారి 765లో ఈ అడవి భాగాన్ని స్తంభాల మీద ఎత్తి కట్టాలని. వాహనాలు పైన పోతాయి, జంతువులు కింద తిరుగుతాయి, రాత్రి గేటు మూసే పని ఉండదు. జంతువులు చక్రాల కింద పడవు, నిజమే. అయితే ఆ రోడ్డు మీద పోయేవాడికి వటవర్లపల్లి తాత తగలడు, తేనె సీసా తగలదు. అడవి ఆకుల పైభాగంగా మాత్రమే కనిపిస్తుంది.

వరసగా చూస్తే ఒకటి తెలుస్తుంది. మెట్లు కట్టిన రాజుకి దేవుడు కావాలి, నవాబుకి రుసుము, నిజాముకి వేట, ఇంజనీరుకి కరెంటు, రైతుకి నీళ్లు, మనకి శని ఆదివారాల చల్లగాలి. వీటిలో తప్పుపట్టాల్సినవి కొన్నే. మెట్ట రైతు నీళ్లడిగితే కాదనే హక్కు ఎవరికీ లేదు. కాని ఇన్ని వందల ఏళ్లలో అందరికీ ఈ అడవి ఎక్కడికో పోవడానికి దాటాల్సిన దారి. చెంచుకి ఒక్కడికే అది చేరాల్సిన ఇల్లు. నేల మీద, నేల కింద, ఇప్పుడు నేలకి పైన దారులేసుకుంటూ ఆ తేడాని మనం మర్చిపోతున్నాం.

ఈమధ్య రిజర్వు లోపలి ఊళ్లని బయటికి తరలించే మాట మళ్లీ వినిపిస్తోంది. పరిహారం, ఇల్లు, పొలం ఇస్తామంటున్నారు. రోడ్డు, బడి, ఆస్పత్రి దగ్గరగా ఉంటాయని కొందరు సరేనంటున్నారు, కొందరు ససేమిరా అంటున్నారు. వెళ్లాలా వద్దా అన్నది నగరంలో కూర్చుని నేను చెప్పేది కాదు. చట్టం కూడా ఆ మాటే అంటుంది. 2006 అటవీ హక్కుల చట్టమూ, అదే ఏడాది వన్యప్రాణి చట్టానికి చేసిన సవరణా కలిపి చదివితే, ముందు వాళ్ల హక్కుల్ని గుర్తించాలి, తర్వాత గ్రామసభ తెలిసి, ఇష్టపడి ఒప్పుకుంటేనే కదిలించాలి. 2011 లెక్కల్లో ఉమ్మడి రాష్ట్రం మొత్తం మీద చెంచులు 64 వేల పైచిలుకు. ఓట్ల లెక్కలో చాలా చిన్న సంఖ్య. అందుకే ఆ గ్రామసభ చెట్టు కింద పేరుకి జరుగుతుందా, నిజంగా జరుగుతుందా అన్నది బయటివాళ్లు కూడా గమనిస్తూ ఉండాల్సిన విషయం. కరెంటు, నీళ్లు, ఇంధనం, చల్లగాలి తీసుకుంటున్న మా వీధులవాళ్లు మరీ ముఖ్యంగా.

ఈసారి ఆ దారిన వెళ్తే ఫరహాబాద్ ఫోటోతో పాటు మన్ననూరు దగ్గర రెండు నిమిషాలు ఆగి చూడండి. గేటు ఎత్తే కుర్రాడు ఏ పెంట నుంచి వచ్చాడో అడగండి.